మసీహుల్ ముల్క్ హకీం అజ్మల్ ఖాన్

జలుబు చేసినప్పుడు జోషాందా కాచి త్రాగని ఇల్లు మన ముస్లిం కుటుంబాలలో అరుదు. ఉన్నాబ్ పండ్లు, సపిస్తాన్, బనఫ్షా, అతిమధురం నీళ్ళలో వేసి, సగానికి మరిగించి, వడగట్టి, వెచ్చవెచ్చగా త్రాగి దుప్పటి కప్పుకొని పడుకొనడం మనమంతా ఎరిగినదే. ప్రక్క ఇంటి హిందూ సోదరులు దానికి బదులు మిరియాలు, శొంఠి, తులసి వేసి కషాయం కాస్తారు. రెండిళ్ళలోను ఇది పెద్దవాళ్ళ నోటిమాటగానే నిలిచివచ్చింది. దీని వెనుక ఒక శాస్త్రమున్నదని, ఆ శాస్త్రం ఈ దేశంలో గౌరవంతో బ్రతికి బట్టకట్టడానికి ఒక మహావైద్యుడు తన జీవితాన్ని ధారపోశాడని మన విద్యార్థులలో తెలిసినవారు కొద్దిమందే. చరిత్ర పాఠ్యపుస్తకంలో 1921 నాటి అహమ్మదాబాదు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఆయన పేరు ఒక్క పంక్తిలో కనబడి మాయమవుతుంది. పరీక్షకు ఆ పంక్తి చాలును గాని, మనిషిని తెలుసుకొనడానికి చాలదు. ఆయనే హకీం అజ్మల్ ఖాన్.

ఢిల్లీ నగరంలో చాందినీ చౌక్‌కు సమీపాన బల్లీమారాన్ అనే వీధి ఉన్నది. అందులో షరీఫ్ మంజిల్ అనే భవనం తరతరాల వైద్యకుటుంబానికి నిలయం. బాబరు కాలంలో మధ్యాసియా నుండి వచ్చిన వంశమని ప్రతీతి. మొగలు చక్రవర్తి షా ఆలం కాలంలో హకీం షరీఫ్ ఖాన్ ఈ వంశానికి పేరు తెచ్చాడు. ఆయన వ్రాసిన తాలీఫె షరీఫీ అనే గ్రంథం భారతదేశపు మూలికలను గూర్చినది. జార్జి ప్లేఫేర్ అనే ఆంగ్లేయుడు దానిని ఇంగ్లీషులోకి అనువదించగా 1833లో కలకత్తాలో అచ్చయింది. యునానీ అంటే గ్రీకు దేశపుది అని అర్థం. బుఖ్రాత్, జాలీనూస్‌ల వైద్యం అరబ్బులకు చేరి, ఇబ్నె సీనా చేతిలో సంపూర్ణరూపం పొంది, పారశీకం మీదుగా మన దేశానికి వచ్చింది. వచ్చినది వచ్చినట్లు నిలువలేదు. మన అడవుల్లోని వేరును, మన పెరళ్ళలోని ఆకును తనవిగా చేసుకొన్నది. షరీఫ్ ఖాన్ పుస్తకమే అందుకు సాక్ష్యం.

1857లో ఢిల్లీని ఆంగ్లసేనలు తిరిగి పట్టుకొని ఇల్లిల్లూ దోచిన దినాలలో ఈ వీధికి మాత్రం ఒక రక్షణ దొరికింది. షరీఫ్ ఖానీ హకీములు పటియాలా మహారాజు కొలువులో ఉండేవారు. ఆ రాజు ఆంగ్లేయుల పక్షం కావడం చేత, తన వైద్యుల వీధికి తన సైనికులను కాపలా పెట్టించాడు. ఉర్దూ విద్యార్థులకు ఒక విశేషం చెప్పాలి. మీర్జా గాలిబ్ అప్పుడు ఆ వీధిలోనే నివసించేవాడు. ఆ కాపలా నీడనే కవి కూడ ప్రాణాలతో బయటపడ్డాడు. వైద్యులకు దక్కిన మన్నన వలన ఒక కవి, ఆ కవి వలన ఒక భాషాసాహిత్యం ఎంత లాభపడ్డాయో ఊహించుకొనవచ్చును.

ఆ భవనంలోనే 1868లో హకీం మహమూద్ ఖాన్‌కు కనిష్ఠపుత్రుడుగా అజ్మల్ ఖాన్ జన్మించారు. బాల్యంలోనే ఖురాన్ కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. అరబ్బీ, పారశీకాలు, తర్కం, తత్త్వం చదివి, తండ్రివద్ద, అన్నలవద్ద వైద్యం అభ్యసించారు. అన్నగారైన అబ్దుల్ మజీద్ ఖాన్ 1880 దశకంలో మదర్సా తిబ్బియా అనే వైద్య పాఠశాలను స్థాపించారు. తండ్రి నుండి కొడుకుకు, ఉస్తాదు నుండి ఇష్టమైన శిష్యునికి మాత్రమే అందుతూ వచ్చిన విద్య తరగతి గదిలోకి వచ్చింది. ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది. కాని మన దేశీయ విద్యలలో అనేకం రహస్యంగా దాచిపెట్టడం వల్లనే నశించాయని గుర్తుంచుకొంటే, ఆ పాఠశాల విలువ తెలుస్తుంది.

ఆయన నేర్చిన శాస్త్రమేమిటో కొంచెం చెప్పక తప్పదు. యునానీ మతంలో దేహంలో నాలుగు రసాలుంటాయి. దమ్ అంటే రక్తం, బల్గమ్ అంటే శ్లేష్మం, సఫ్రా అంటే పసుపు పిత్తం, సౌదా అంటే నల్ల పిత్తం. వీటి పాళ్ళను బట్టి ప్రతి మనిషికి ఒక మిజాజ్, అనగా స్వభావం ఏర్పడుతుంది. ఆహారానికీ మిజాజ్ ఉంటుంది, మందుకూ ఉంటుంది. మామిడిపండు వేడిచేస్తుందనీ, మజ్జిగ చలవ చేస్తుందనీ మన తల్లులు అనే మాటలో ఉన్నది ఈ భావానికి దగ్గరి చుట్టమే. అయితే హకీము మందు దగ్గర మొదలుపెట్టడు. అస్బాబె సిత్తా జరూరియా అని ఆరు విషయాలను ముందు విచారిస్తాడు. పీల్చే గాలి, తినే తిండి త్రాగే నీరు, దేహపు కదలిక విశ్రాంతి, మనస్సు కదలిక విశ్రాంతి, నిద్ర మేలుకొనుట, మలమూత్రాదుల విసర్జన నిలుపుదల అనేవి ఆ ఆరు. ఈ ఆరింటిలో ఎక్కడ తప్పటడుగు పడిందో కనిపెట్టి దిద్దితే చాలా రోగాలకు మందే అక్కరలేదని వారి నమ్మకం. దానితో కాకుంటే తిండితో చికిత్స. గులాబిరేకులు చక్కెరతో ఊరవేసిన గుల్కందు, నీళ్ళలో నానిన ఇసబ్‌గోల్, సోంపు నీరు వంటివి ఈ మెట్టుకు చేరినవి. అటు తరువాతనే మజూన్లు, ఖమీరాలు, షర్బత్తులు. ఎక్కిన మెట్టు దిగకుండా మందు మీద మందు మ్రింగే మన కాలానికి ఈ క్రమం కొంత కొత్తగా తోచినా తోచవచ్చును.

నాలుగు రసాల సిద్ధాంతాన్ని నేటి దేహశాస్త్రం అంగీకరించదు. ఆ మాట మన తరగతులలో జీవశాస్త్రం చదివే పిల్లలు అడగక ముందే ఒప్పుకొనడం మేలు. అయినా గాలి, తిండి, నిద్ర, మనశ్శాంతి గురించిన విచారణ ఆ సిద్ధాంతంతో పాటు కొట్టుకొనిపోలేదు. ఏది నిలుస్తుందో, ఏది నిలువదో తేల్చాలనే తపనే అజ్మల్ ఖాన్ జీవితానికి సూత్రం.

1892లో రాంపూరు నవాబు ఆస్థానవైద్యుడుగా వెళ్ళారు. అక్కడి గ్రంథాలయం భారతదేశంలో అరబ్బీ, పారశీక వ్రాతప్రతులకు గొప్ప నిధి. దాని పర్యవేక్షణ కూడ ఆయనకే దక్కింది. వైద్యుడికి అంతటి పుస్తక భాండాగారం చేతికి రావడం అదృష్టం. రోగులను చూడగా మిగిలిన కాలమంతా ఆయనకు చదువే. పెద్దన్న 1901లో, రెండవ అన్న వాసిల్ ఖాన్ కొన్నేండ్లకు మరణించడంతో కుటుంబ భారం, పాఠశాల భారం ఆయన భుజాలపై పడి ఢిల్లీకి తిరిగి వచ్చారు.

ఆయన హస్తవాసిని గూర్చి కథలు లెక్కలేనన్ని. నాడి పట్టి రోగి క్రితం రోజు ఏమి తిన్నాడో చెప్పేవారనేది అందులో ఒకటి. ఇటువంటివి ప్రతి పెద్ద వైద్యుని చుట్టూ అల్లుకొనేవే గనుక వాటిని ప్రక్కన పెడదాము. నమ్మదగిన విషయం ఆయన రుసుము సంగతి. ఢిల్లీ వెలుపలకు ఏ సంస్థానాధీశుడైనా పిలిపించుకొంటే దినానికి వేయి రూపాయలు తీసుకొనేవారు. ఆ దినాలలో వేయి రూపాయలంటే ఒక గుమాస్తాకు ఏండ్ల తరబడి జీతం. అదే రోగి, రాజైనా సరే, ఢిల్లీకి వచ్చి చూపించుకొంటే ఒక్క పైసా పుచ్చుకొనేవారు కారు. షరీఫ్ మంజిల్ వాకిట రిక్తహస్తాలతో నిలబడిన కూలివాడికి, పల్లకి దిగిన జమీందారుకు వరుస ఒక్కటే. రాజుల వద్ద పుచ్చుకొన్నది ఎటు పోయిందో ముందు చూస్తాము.

1905 నాటికి హిందుస్తానీ దవాఖానా వెలసింది. అంగట్లో దొరికే మూలికలలో కల్తీ, పాతబడి సారం పోయిన సరుకు అప్పుడూ ఉండేవి. వైద్యుడు వ్రాసిన చీటీ ఎంత గొప్పదైనా పచారీవాడు ఇచ్చిన వేరు పుచ్చినదైతే ఫలమేమి? అందువలన మంచి సరుకు తెప్పించి, ఒక్క తీరున తయారుచేసి, ఒక్క ధరకు అమ్మే కర్మాగారం కావలసి వచ్చింది. అక్కడ యునానీ మందులే గాక ఆయుర్వేద ఔషధాలు కూడ తయారయ్యేవి. దాని ఆదాయం ఆయన ఇంటికి చేరలేదు, వైద్య విద్యాలయానికి చేరింది. 1909లో స్త్రీలకోసం ప్రత్యేకంగా తిబ్బియా పాఠశాల, ఆసుపత్రి తెరిచి మంత్రసానులకు శిక్షణ ప్రారంభించారు. పరదా పాటించే స్త్రీలు పురుషవైద్యునికి చేయి చూపడానికే సంకోచించే కాలంలో, శుభ్రత తెలియని కాన్పులలో తల్లీబిడ్డలు రాలిపోతూ ఉండగా, ఈ పని ఎంత అవసరమో వేరుగా వ్రాయనక్కరలేదు. మన కళాశాల విద్యార్థినులు ఈ 1909 అనే అంకెను జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఇంతలో ఒక ఉపద్రవం వచ్చిపడింది. వైద్యులను పట్టికలో నమోదు చేసే చట్టాలు తేవాలని ప్రభుత్వం సంకల్పించింది. బొంబాయిలో 1912లో అటువంటి చట్టం వచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవారికే ఆ పట్టికలో చోటు. హకీములూ, వైద్యులూ వెలివాడలో నిలబడవలసిన గతి. వారిలో మోసగాండ్రు లేకపోలేదు. కాని కోట్లాది ప్రజలకు అందుబాటులో ఉన్న ఏకైక చికిత్సను ఒక్క కలంపోటుతో నాటువైద్యమని తోసివేయడం న్యాయమా? ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టిన అజ్మల్ ఖాన్ 1910లో అఖిల భారత వైదిక యునానీ తిబ్బీ సమ్మేళనాన్ని ఢిల్లీలో సమావేశపరిచారు.

ఆ పేరులోనే ఆయన హృదయమున్నది. ఉర్దూ హిందీ తగవులు, ప్రత్యేక నియోజకవర్గాల తగవులు ముదురుతున్న ఆ దినాలలో హకీములను, ఆయుర్వేద పండితులను ఒకే వేదికపై కూర్చుండబెట్టడం సామాన్యమైన పని కాదు. కాని ఆయన దృష్టిలో ఆ రెండు శాస్త్రాలు పరాయివి కావు. యునానీలో ఇత్రీఫల్ అనే లేహ్యాల జాతి ఒకటున్నది. కరక్కాయ, తానికాయ, ఉసిరిక వీటికి మూలద్రవ్యాలు. ఇత్రీఫల్ అనే మాట మన త్రిఫల నుండి పుట్టినదే. సంస్కృతం నుండి అరబ్బీలోకి వెళ్ళి, కొత్త వేషం కట్టుకొని, హకీముల సంచిలో తిరిగి ఇంటికి వచ్చిన మాట అది. భాషలు బోధించే నావంటివానికి ఈ ఒక్క పదం ఒక చరిత్ర గ్రంథంతో సమానంగా తోస్తుంది.

1911లో ఆయన యూరపు వెళ్ళారు. లండన్, పారిస్, బెర్లిన్, వియన్నా నగరాల ఆసుపత్రులను, వైద్య కళాశాలలను శ్రద్ధగా చూసి, ఇస్తాంబూలు, కైరోల మీదుగా తిరిగి వచ్చారు. లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో అప్పుడు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ పనిచేస్తూ ఉండేవారు. ఆయన తన పై అధికారియైన శస్త్రవైద్యుడు స్టాన్లీ బాయిడ్‌కు హకీముగారిని పరిచయం చేశారు. ఒక రోగి విషయంలో బాయిడ్ పిత్తాశయపు వ్యాధి అన్నాడట, అజ్మల్ ఖాన్ చేతితో పరీక్షించి చిన్నప్రేగు మొదటి భాగంలో పాతపుండు అన్నారట. మరునాడు కోసి చూడగా హకీముగారి మాటే నిజమైందని ఆయన జీవితచరిత్రకారులు వ్రాస్తారు. ఈ కథ చెప్పుకొని మనవాళ్ళు గర్వపడడం సహజమే. నాకు మాత్రం ఆ కథలో మరొక సంగతి ముఖ్యమనిపిస్తుంది. తన నిర్ణయం తప్పో ఒప్పో కత్తి తేల్చే చోటికి ఆయన నడచి వెళ్ళారు. తాను చెప్పినది పరీక్షకు నిలువదేమోనని జంకలేదు. అన్సారీతో ఆయన స్నేహం అప్పుడే గట్టిపడి మరణపర్యంతం నిలిచింది.

తిరిగి వచ్చిన తరువాత పాత మదర్సాను పెద్ద కళాశాలగా మార్చడానికి పూనుకొన్నారు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో 1916 మార్చి 29న ఆయుర్వేదిక్ యునానీ తిబ్బియా కళాశాలకు వైస్రాయి లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేశాడు. 1921 ఫిబ్రవరి 13న దానిని తెరచినవారు మహాత్మాగాంధీ. పునాది వేసినది రాజప్రతినిధి, తలుపు తీసినది రాజద్రోహి! ఆ అయిదేండ్లలో దేశం ఎంత దూరం నడిచిందో ఈ రెండు పేర్లే చెబుతాయి. సహాయ నిరాకరణోద్యమం ముమ్మరంగా సాగుతున్న ఆ సమయంలోనే గాంధీజీ ఆ సభలో హార్డింజ్ దంపతుల చిత్రపటాలను కూడ ఆవిష్కరించారు. చేసిన మేలు మరువరాదనే మర్యాద అది. అదే ప్రసంగంలో ఆయన హకీములకు, వైద్యులకు గట్టిగానే చురక అంటించారు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులలో కనబడే పరిశోధనాదృష్టిని మెచ్చుకొని, మనవారు పాత యోగాలను ప్రశ్నించకుండా పట్టుకొని వ్రేలాడుతున్నారని విచారించారు. ఆతిథ్యమిచ్చిన అజ్మల్ ఖాన్‌కు ఇది నొప్పి కలిగించే మాట కాదు. కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం, శస్త్రచికిత్స కూడ ఆయన బోధింపజేస్తూనే ఉన్నారు. లోటు ఒక్కటే. మూలికలను విడమరచి చూసే ప్రయోగశాల ఇంకా లేదు.

ఈ ఆలోచన మన వైపు కూడ ప్రసరించింది. ఆంధ్ర జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన 1921లో నియమితమైన సంఘం 1923లో దేశీయ వైద్యాన్ని సమర్థిస్తూ నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా ఆయుర్వేదం, సిద్ధం, యునానీ మూడూ బోధించే పాఠశాలను ప్రభుత్వమే మద్రాసులో నెలకొల్పింది.

ఆయన రాజకీయ జీవితం ఇతర గ్రంథాలలో విరివిగా దొరుకుతుంది గనుక క్లుప్తంగా చెబుతాను. 1919లో అమృతసర్ ముస్లింలీగు సభకు అధ్యక్షత వహించి, హిందూ సోదరుల మనోభావాలను మన్నించి బక్రీదునాడు గోవధను స్వచ్ఛందంగా మానుకోవలసిందని ముస్లిములకు విజ్ఞప్తి చేశారు. జలియన్‌వాలాబాగ్ నెత్తురు ఆరని ఊరిలో ఆ విజ్ఞప్తి వెలువడింది. 1920లో ప్రభుత్వం తనకిచ్చిన హాజికుల్ ముల్క్ బిరుదును, కైసరె హింద్ పతకాన్ని తిప్పి పంపివేశారు. ప్రజలు మసీహుల్ ముల్క్ అనే బిరుదు నిచ్చి ఆ లోటు పూడ్చారు. 1921లో చిత్తరంజన్ దాస్ కారాగారంలో ఉండగా ఆయన స్థానంలో అహమ్మదాబాదు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు.

రాజుల వద్ద పుచ్చుకొన్న వేలు ఎటు పోయాయన్నాను. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. ప్రభుత్వ ధనం ముట్టకుండ నడపదలచిన జాతీయ విద్యాలయమది. అజ్మల్ ఖాన్ దానికి తొలి అమీర్, అనగా కులపతి. 1924లో తుర్కీలోనే ఖిలాఫత్ రద్దు కావడంతో ఖిలాఫత్ సంఘాల విరాళాలు ఎండిపోయాయి. మూసివేద్దామనే మాట వచ్చింది. ఆయన గాంధీజీ అండతో, అన్సారీ సహాయంతో 1925లో జామియాను ఢిల్లీకి, తన తిబ్బియా కళాశాల పొరుగున కరోల్‌బాగ్‌కు తరలించారు. ఉపాధ్యాయుల జీతాలలో పెద్దభాగం ఆయన జేబులో నుండే వచ్చేది. ఆ ఏటనే రెండవమారు యూరపు వెళ్ళినప్పుడు జర్మనీలో చదువుతున్న జాకిర్ హుసేన్ ఆయనను కలుసుకొని జామియాకు జీవితం అర్పించడానికి సిద్ధమయ్యాడు. హైదరాబాదులో జన్మించి తరువాత రాష్ట్రపతియైన జాకిర్ హుసేన్ ఆయనే. షైదా అనే కలంపేరుతో హకీముగారు వ్రాసిన ఉర్దూ, పారశీక కవితలు కూడ బెర్లిన్‌లోనే అచ్చయ్యాయి.

1927 డిసెంబరు చివర రాంపూరులో ఉండగా గుండె ఆగి అజ్మల్ ఖాన్ మరణించారు. ఢిల్లీలో ఖననం చేశారు. లక్షలు గడించిన వైద్యుడు పోయిన వెంటనే జామియా ఆకలితో అలమటించింది. జాకిర్ హుసేన్ బృందం స్వల్పజీతాలకు ఇరవై ఏండ్లు పనిచేయడానికి ప్రతిజ్ఞ చేసి దానిని నిలబెట్టింది.

ప్రయోగశాల కోరిక మాత్రం ఆయన పోయిన తరువాత ఫలించింది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో రసాయనశాస్త్రం చదువుతున్న సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువకునికి ఆయన ధనసహాయం చేసి, తిబ్బియా కళాశాలలో పరిశోధనాలయం స్థాపించే బాధ్యత అప్పగించారు. సిద్దీఖీ 1927లో పట్టం పుచ్చుకొని, తిరిగివచ్చి పని ప్రారంభించేనాటికి పెద్దాయన లేరు. ఆయన సూచించిపోయిన మూలిక మాత్రం ఉన్నది. అది సర్పగంధి. పాతాళగంధి అని కూడ తెలుగులో అంటారు, హకీములు అస్రోల్ అంటారు. పాముకాటుకు, ఉన్మాదానికి, నిద్రపట్టనివారికి మన దేశంలో శతాబ్దాలుగా వాడిన వేరు ఇది. సిద్దీఖీ 1931లో ఆ వేరు నుండి కొన్ని ఆల్కలాయిడ్లను విడదీసి, వాటిలో మూడింటికి అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్ అని తన పోషకుని పేరు పెట్టాడు. అటు తరువాత 1942లో మన వాకిటి వేపచెట్టు నుండి నింబిన్ అనే పదార్థాన్ని వేరుచేసినవాడు కూడ ఆయనే.

సర్పగంధి కథ అంతటితో ఆగలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటుకు ఆ వేరు ఎట్లు పనిచేసినదో ఇంగ్లండులోని హృద్రోగ పత్రికలో ప్రకటించగా ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లండులోని సిబా కంపెనీ శాస్త్రజ్ఞులు దాని నుండి రిసర్పిన్ తీశారు. కొంతకాలం అది రక్తపు పోటుకు, మానసిక వ్యాధులకు ప్రపంచమంతటా వాడుకైన మందు. తరువాత, కొందరు రోగులలో అది తీవ్రమైన మనోవ్యాకులత కలిగిస్తుందని బయటపడి వాడకం తగ్గింది. మూలిక గదా, మేలు చేయకున్నా కీడు చేయదులే అని బస్సుస్టాండులో కొన్న పొడిని మ్రింగే పిల్లలు ఈ వాక్యాన్ని రెండుమార్లు చదవడం మంచిది. వేరు నిజంగా పనిచేసేదైతే, మోతాదు తప్పినప్పుడు చెరుపు కూడ అంతే నిజంగా చేస్తుంది.

అజ్మలీన్ దారి వేరు. గుండె కొట్టుకొనే లయ తప్పినప్పుడు దానిని సరిదిద్దడానికి అది ఉపకరించింది. 1992లో వైద్యులు గుర్తించిన బ్రుగాడా అనే వ్యాధిలో పైకి ఆరోగ్యంగా కనిపించేవారికి హఠాత్తుగా గుండె ఆగిపోతుంది. ఆ లోపం దాగియున్నదో లేదో తేల్చడానికి ఆసుపత్రిలో అజ్మలీన్‌ను నరంలోకి ఎక్కించి, గుండె గీతలు చూస్తారు. గుండె ఆగి పోయిన హకీముగారి పేరు ఆ మందు సీసా మీద ఉన్నదని దానిని వాడే విదేశీ వైద్యులలో ఎందరికి తెలుసునో!

ఆయన జన్మదినమైన ఫిబ్రవరి 11ను యునానీ దినంగా జరుపుతున్నారు. 2017లో జరిగిన తొలి ఉత్సవానికి హైదరాబాదు ఎర్రగడ్డలోని కేంద్ర యునానీ పరిశోధన సంస్థ వేదికయింది. బొల్లి వ్యాధి చికిత్సకు పేరుపొందిన ఆ సంస్థకు దూరపు జిల్లాల నుండి అన్ని మతాల రోగులూ వస్తారు. చార్మినారు ప్రక్కన నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల మన తెలుగునేలపై ఆ విద్యను బోధిస్తున్నాయి. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి, ఉర్దూ వచ్చిన మన విద్యార్థులకు అందులో ప్రవేశం దుర్లభం కాదు. అడవులలో సర్పగంధి మాత్రం విచ్చలవిడిగా పెరికివేయడం వలన అరుదైపోయి, అంతర్జాతీయ వాణిజ్యంలో నియంత్రణ పొందిన మొక్కల జాబితాకు ఎక్కింది. ఇప్పుడు దానిని మడులలో నాటి పెంచవలసి వస్తున్నది. లేత గులాబిరంగు కాడలపై తెల్లని పూలగుత్తులు, పండినప్పుడు నల్లబడే చిన్న కాయలు దానికి గుర్తు. వేరు పట్టడానికి రెండు మూడేండ్లు ఆగాలి.